కర్మాగారంలో భద్రత ఎవరి పూచీ?

న్యూఢిల్లీ: కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడల్లా రెండు వాదనలు వినవస్తాయి. కార్మికుని అజాగ్రత్తే కారణమని యాజమాన్యం చెబుతుంది. యాజమాన్యం లాభాపేక్షే కారణమని కార్మిక సంఘాలు ఆరోపిస్తాయి. భద్రత బాధ్యతను ఎవరెవరికి ఏమేరకు పంచాలన్న ప్రశ్నకు సవివరమైన సమాధానం నాలుగు దశాబ్దాల క్రితం దేశ రాజధానిలోనే లభించింది.

భోపాల్ దుర్ఘటన జరిగి ఏడాది నిండిన మరునాడే, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడింది. ట్యాంకును మోస్తున్న కట్టడం కూలి, ట్యాంకు పగిలిపోవడమే ఇందుకు కారణం. రెండు రోజుల తర్వాత ఒక గొట్టం అతుకుల నుంచి మరోసారి స్వల్పంగా వాయువు లీకైంది. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది ఈ వాయువు వల్ల మరణించారని, పలువురు అస్వస్థులయ్యారని ఢిల్లీ బార్ అసోసియేషన్ ఫిర్యాదు చేసింది. కర్మాగారానికి 3 కిలోమీటర్ల పరిధిలో సుమారు 2 లక్షల మంది నివసిస్తుండేవారు. ఈ కర్మాగారాన్ని తరలించాలని కోరుతూ న్యాయవాది ఎం.సి.మెహతా దాఖలు చేసిన పిటిషన్ అప్పటికే సుప్రీంకోర్టు ఎదుట ఉండడం గమనార్హం.

ప్లాంటును శాశ్వతంగా మూసివేస్తే దాదాపు 4 వేల మంది ఉపాధి కోల్పోతారు. తెరిస్తే జనం ప్రాణాలకు ముప్పు. ఈ సంకట స్థితిలో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్.భగవతి నాయకత్వంలోని ధర్మాసనం 1986 ఫిబ్రవరి 17న కాస్టిక్ క్లోరిన్ ప్లాంటును కఠిన షరతులతో తాత్కాలికంగా తెరవడానికి అనుమతించింది. ఈ షరతులలో ప్రతి వర్గానికీ ఒక పూచీ ఉంది.

ఒక్కొక్క భద్రతా సాధనానికి ఒక్కొక్క ఆపరేటరును వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేయాలని, అతనితోపాటు విభాగాధిపతి కూడా జవాబుదారీ వహించాలని కోర్టు ఆదేశించింది. సాధనం పనిచేయకపోతే పై అధికారికి తెలియజేసి ఊరుకుంటే చాలదు. ప్లాంటును తక్షణం ఆపించాలి. రెండు కార్మిక సంఘాల నుంచి ముగ్గురేసి ప్రతినిధులతో భద్రతా సంఘం ఏర్పడాలి. ప్రతి కార్మికునికీ తాను పనిచేసే ప్లాంటుకు సంబంధించిన శిక్షణ ఇవ్వాలి. క్లోరిన్ వల్ల శరీరానికి కలిగే హానిని, తక్షణ చికిత్సను తెలిపే పట్టికలను ఆంగ్లంలోను, హిందీలోను ప్రతి విభాగంలో, ప్రధాన ద్వారం వద్ద ఉంచాలి. వారానికోసారి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆకస్మికంగా తనిఖీ చేయాలి.

అదే ఏడాది డిసెంబర్ 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపే సంస్థ తాను తగిన జాగ్రత్త తీసుకున్నానన్న వాదనతో పరిహారం నుంచి తప్పించుకోజాలదని, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత అధికంగా ఉండాలని స్పష్టం చేసింది. అంటే బాధ్యతను పంచడం యజమాని భారాన్ని తగ్గించడానికి కాదన్నమాట.

ఈ నేపథ్యంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో యాజమాన్య, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా సంఘాలను నిర్దేశించారు. ప్రమాదం ముంచుకొస్తోందని తోస్తే ఆ సంగతిని యాజమాన్యంతోపాటు ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియజేసే హక్కు కార్మికునికి దక్కింది.

ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చింది. సమాచారం పొందే హక్కు, ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు ఇందులోనూ ఉన్నాయి. భద్రతా నిబంధనలను పాటించడం, లోపాన్ని గమనిస్తే తెలియజేయడం ఉద్యోగి విధులుగా పేర్కొన్నారు. అయితే భద్రతా సంఘం ఏ సంస్థలలో ఉండాలన్నది ప్రభుత్వ ఉత్తర్వులకు విడిచిపెట్టారు. విద్యుత్తు వాడే యూనిట్లను కర్మాగారంగా పరిగణించే పరిమితిని 10 మంది కార్మికుల నుంచి 20కి పెంచారు.

రాజధానిలో ఇటీవలి కాలపు ఘోర ప్రమాదాలు జరిగినది మాత్రం పెద్ద కర్మాగారాలలో కాదు. బవానాలోని బాణసంచా యూనిట్‌లో 2018 జనవరి 20న చెలరేగిన మంటలకు 17 మంది బలయ్యారు. 2019 డిసెంబర్ 8 తెల్లవారుజామున అనాజ్ మండీలోని ఇరుకు భవనంలో నిద్రిస్తున్న కార్మికులలో 43 మంది మరణించగా, వారిలో అత్యధికులు పొగకు ఊపిరాడక చనిపోయినవారే. ముండ్కాలో 2022 మే 13న 27 మంది అగ్నికి ఆహుతయ్యారు. ఇటువంటి చోట్ల కార్మికులలో అధికులు వలస వచ్చినవారు. ఉద్యోగానికి పత్రం లేదు, సంఘం లేదు, ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియదు.

లోపాన్ని ఎత్తిచూపితే మర్నాడు పని ఉండదన్న భయం ఉన్నచోట, హెచ్చరించే హక్కు కాగితానికే పరిమితమవుతుంది. భద్రతలో కార్మికునికి వాటా ఉందనడం న్యాయమే. అయితే ఆ వాటాను నెరవేర్చడానికి అతనికి ముందు తెలియాలి, ఆపై నోరు విప్పే ధైర్యం ఉండాలి. మొదటిది యజమాని ఇవ్వవలసినది; రెండవదానికి ప్రభుత్వం అండగా నిలవాలి. ఆ రెండూ లేనప్పుడు ఉమ్మడి బాధ్యత అన్న మాట, తప్పును మృతుని మీదికి నెట్టే సాకుగా మిగిలిపోతుంది.