ఆరంగుళాల సందులో పెట్టె

చెన్నైలోని మనలిలో మా పిన్ని వంటింట్లో గట్టు కింది అరలకూ గోడకూ మధ్య ఆరంగుళాల సందు ఉండేది. చెయ్యి పట్టదు, చీపురు పట్టదు. జారిపడ్డ గరిటె అందులోకి పోయిందంటే మళ్లీ పండక్కి దులిపినప్పుడే దొరికేది.

ఇలాంటి సందు ఎందుకు మిగులుతుంది? మన గోడలు అడుగుల లెక్కలో లేస్తాయి, ఫ్యాక్టరీ అరలు మిల్లీమీటర్లలో వస్తాయి. పదడుగుల గోడ అంటే 3,048 మి.మీ. దానికి 600 మి.మీ. అరలు ఐదు పెడితే 48 మి.మీ. ఎటూ కాకుండా ఉండిపోతుంది. గోడ వంకర ఉంటే ఇంకాస్త.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి గీసిన వంటిల్లు ఈ చిక్కు లేనిది. రైలు భోజనపెట్టెలోని ఇరుకు వంటగదిని చూసి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో అన్నీ ఇమిడ్చిందావిడ. బియ్యానికి, పప్పుకు పిడి ఉన్న అల్యూమినియం సొరుగులు. పిండి పురుగు పట్టకుండా ఓక్ చెక్క సొరుగు. మన పోపులడబ్బా పెద్దదై గోడెక్కినట్టుంటుంది. ఆ వంటింటిని దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. అక్కడ గోడనూ అరనూ కలిపే గీశారు. మనకు గోడ ముందు, అర తర్వాత.

పిన్ని పిలిపించిన మొదటి వడ్రంగి సందుకు సరిగ్గా బిగిసేలా పెట్టె కొట్టి, లోపల ఛానెళ్ల మీద సొరుగు పెట్టాడు. లెక్క చూడండి. గోడ పొంగిన చోట సందు 147 మి.మీ. బయటి పెట్టె పక్క చెక్కలు 12 చొప్పున రెండు, ఛానెళ్లు రెండూ కలిపి 25, సొరుగు పక్కలు మళ్లీ 24. మిగిలింది 74. లీటరు నూనె సీసా పట్టలేదు.

నవంబరు వానలకు ఆ పెట్టె చెడింది. ప్లైవుడ్‌లో పలచటి చెక్క పొరలను ఒకదాని నార నిలువుగా, మరోదాని నార అడ్డంగా అంటిస్తారు. తడికి ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఉంచుతుంది కాబట్టి పొడవూ వెడల్పూ పెద్దగా కదలవు. మందాన్ని మాత్రం పట్టి ఉంచేదేమీ లేదు. ఇరుకు పెట్టెలో ఆ మందమే సందుకు అడ్డంగా నిలుస్తుంది! పైగా అది ఎం.ఆర్. రకం ప్లైవుడ్. దాన్ని సాధారణంగా యూరియా, ఫార్మాల్డిహైడ్ జిగురుతో అంటిస్తారు. యూరియా అంటే మనలి వాళ్లకు తమ ఊరి ఎరువుల ఫ్యాక్టరీ మద్రాస్ ఫెర్టిలైజర్స్ గుర్తొస్తుంది. పొలానికి బలమిచ్చే ఆ పదార్థమే జిగురులోనూ ఉంటుంది. ఆ జిగురు గాలి తేమను కొంత తట్టుకుంటుంది కానీ నిలిచిన నీళ్లను కాదు. నేల కడిగిన నీళ్లను కింది అంచు పీల్చుకుంది, పొరలు విచ్చుకున్నాయి, సొరుగు ఇరుక్కుంది. వంటింటికి కావలసింది ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న బి.డబ్ల్యు.పి. రకం. దాని ఫినాల్ జిగురు 1907లో లియో బేక్లాండ్ తయారుచేసిన బేకలైట్‌కు చుట్టం, మరిగే నీటికి కూడా వదలదు.

రెండోసారి వచ్చిన వడ్రంగి పెద్దాయన టేపు పైన, నడుమ, కింద పెట్టి మూడుచోట్లా చూశాడు. 152, 150, 147. "తక్కువదే మన కొలతమ్మా" అని 138కి పెట్టె కోశాడు. బయటి పెట్టె లేదు, ఛానెళ్లు లేవు. అడుగున పక్కకు తిరగని చక్రాలు నాలుగు. లోపల 114 మి.మీ. దొరికింది. నూనె సీసా హాయిగా దిగింది. కోసిన ప్రతి అంచుకూ, ముఖ్యంగా అడుగుకు, రంగు రెండు పూతలు వేశాడు. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇలాంటి పెట్టె సందులో ఉన్నంతసేపూ పడదు, బయటికి లాగితేనే భయం. చక్రాల మధ్య దూరం 100 మి.మీ. బరువంతా పై అరల్లో ఉండి గురుత్వ కేంద్రం 45 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆరు డిగ్రీల వాలుకే ఒరుగుతుంది. బరువు కిందికి చేరి ఆ కేంద్రం 25 సెం.మీ.కి దిగితే పదకొండు డిగ్రీల దాకా నిలబడుతుంది. అందుకే నూనె, బెల్లం కింద. మెంతులు, ఇంగువ పైన.

ఫ్రిజ్ పక్క సందునూ, గ్యాస్ బండ పక్క సందునూ మాత్రం ఇలా మూయకండి. చాలా ఫ్రిజ్‌లు పక్కల నుంచే వేడి వదులుతాయి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారునే పేరుకుంటుంది.

చివరగా పెద్దాయన వెనక పలకకూ గోడకూ ఒక పొట్టి గొలుసు బిగించాడు. పిన్ని ఎంత లాగినా పెట్టెలో మూడోవంతు సందులోనే ఆగుతుంది.