చివరి సంతకానికి ముందు ఓ చిన్న లెక్క

2026 సంక్రాంతి సెలవులకి మా చిన్న ఆడపడుచు మా ఇంటికొచ్చింది. వంటింట్లో ఇద్దరం అరిసెలు నొక్కుతూ కబుర్లలో పడ్డాం.

"ఈ నెలాఖరుకి స్కూలు మానేస్తున్నా వదినా. ఆయనకి బదిలీ అయింది కదా" అంది.

"మరి నీకేమైనా డబ్బు వస్తుందా?"

"ఈ నెల జీతం ఇస్తారు. ఇంకేం వస్తుంది? 'నాకు రావలసినవన్నీ ముట్టినవి' అని ఓ కాగితం మీద సంతకం పెట్టమన్నారు. సోమవారం వెళ్ళి పెట్టేసి వస్తా" అంది తేలిగ్గా.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా అలాంటి కాగితం మీదే ఒకప్పుడు నేనూ సంతకం పెట్టాను.

డిగ్రీ అయ్యాక 2009 జూన్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. రెండోవాడు కడుపులో ఉండగా, 2015 ఏప్రిల్‌లో మానేశాను. అప్పటికి నా జీతం 5,200 రూపాయలు. కరస్పాండెంటుగారు ఓ శాలువా కప్పారు, ఓ గోడగడియారం ఇచ్చారు, కాగితం ముందుకు జరిపారు. పొంగిపోయి సంతకం పెట్టాను. ఆ గడియారం ఏనాడో ఆగిపోయింది. నాకు గ్రాట్యుటీ అనేది ఒకటి రావాలని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత పేపర్లో చదివితే గానీ తెలియలేదు.

టీచర్లకీ ఉంది

గ్రాట్యుటీ గవర్నమెంటు ఉద్యోగులకే అనుకుంటాం. అది పొరపాటు. 1972లోనే దీనికి చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అయిదేళ్ళ సర్వీసు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలి. రిటైరైనా సరే, మనంతట మనం రాజీనామా చేసినా సరే. ఉద్యోగంలో ఉండగా చనిపోయినా, పనిచేయలేని వైకల్యం వచ్చినా ఆ అయిదేళ్ళ షరతు కూడా లేదు.

టీచర్ల విషయంలో మాత్రం పెద్ద కథే నడిచింది. చట్టంలో రాసిన 'ఉద్యోగి' అన్న మాట కిందికి టీచర్లు రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు వర్తిస్తుందంది. ప్రైవేటు స్కూళ్ళవాళ్ళు మళ్ళీ కోర్టుకెక్కారు. ఆ సవరణ సరైనదేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పుడు పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగులకైతే అందులో ఏడాది సర్వీసు చాలు, పనిచేసిన కాలాన్ని బట్టి లెక్కకట్టి ఇస్తారు.

లెక్క ఇంతే

మా ఆడపడుచుకి పిల్లల పలకమీదే లెక్క వేసి చూపించాను. చివరి నెల జీతాన్ని 26తో భాగిస్తే ఒక రోజు జీతం. దాన్ని 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకి వచ్చేది. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. ఆఖర్న ఆరునెలలు దాటిన ముక్క మిగిలితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కపెట్టాలి.

తను 2017 జూన్‌లో చేరింది. ఎనిమిదేళ్ళ ఏడు నెలలు, అంటే తొమ్మిదేళ్ళు.

"మరి ఏ జీతం వదినా? అన్నీ కలిపితే 20,800 ఇస్తున్నారు. స్లిప్పులో బేసిక్ 5,200 అని ఉంది. మిగతాదంతా ఇంటద్దె, ప్రయాణ ఖర్చులూ అని రాశారు" అంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే గ్రాట్యుటీ తగ్గిపోతుంది. కొత్త కోడ్ ప్రకారం ఇలాంటి అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదాన్ని జీతంలోనే కలపాలి. అంటే మా అమ్మాయికి లెక్కలోకి వచ్చే జీతం 10,400. దాన్ని 26తో భాగిస్తే 400. పదిహేను రోజులకి 6,000. తొమ్మిదేళ్ళకి 54,000 రూపాయలు! స్లిప్పులోని బేసిక్ పట్టుకుంటే 27,000 దగ్గరే ఆగిపోయేది.

పక్కనే కూర్చున్న మా అత్తయ్య, "ఇన్నాళ్ళూ వాళ్ళు పెట్టిన తిండి తిన్నాం. ఇప్పుడు వాళ్ళతో పేచీ ఏమిటే?" అంది.

"వాళ్ళు తిండి పెట్టలేదత్తయ్యా, చేసిన పనికి జీతం ఇచ్చారు. ఇదీ ఆ జీతంలో ముక్కే, చివర్న ఇస్తారంతే" అన్నాను.

ఆఫీసులో చెప్పే కబుర్లు

సోమవారం తను సంతకం పెట్టలేదు, అర్జీ రాసిచ్చింది. గుమాస్తాగారు రెండు మాటలు అన్నారట. మొదటిది: "నీకు పి.ఎఫ్. వస్తుందిగా, మళ్ళీ గ్రాట్యుటీ ఏమిటి?" రెండూ వేర్వేరు. పి.ఎఫ్.లో మన జీతంలోంచి కోసిన 12 శాతం కూడా ఉంటుంది. గ్రాట్యుటీలో మన దగ్గర కోసింది ఏమీ ఉండదు, అంతా యాజమాన్యం ఇవ్వాల్సిందే.

రెండోది: "వేసవి సెలవులకి జీతం ఇవ్వలేదు కాబట్టి ఏటా సర్వీసు తెగిపోయింది." సెలవులో ఉన్నంత మాత్రాన సర్వీసు తెగదు. ఒకవేళ తెగిందన్నా, ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే అది పూర్తి ఏడాది కిందే లెక్క. వారానికి ఆరు రోజులకన్నా తక్కువ నడిచే చోట 190 రోజులే చాలు. ప్రసూతి సెలవు కూడా, 26 వారాల దాకా, ఇందులో కలుస్తుంది. ఈ సంగతి ఆడవాళ్ళం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

గ్రాట్యుటీని ముప్ఫై రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కలపాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు. చివరి నెల జీతమైతే మానేసిన రెండు పనిదినాల్లోనే ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది.

పి.ఎఫ్. సంగతికొస్తే, "అదీ తీసేసుకుంటా వదినా" అంది. వద్దన్నాను. పింఛను పథకంలో పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకి పింఛను వస్తుంది. తనకి ఎనిమిదిన్నరేళ్ళు అయ్యాయి. ఇప్పుడు పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ ఏళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త ఊళ్ళో ఉద్యోగం దొరికితే అదే యు.ఎ.ఎన్. నంబరు ఇచ్చి ఖాతా మార్పించుకోమన్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఫోనొచ్చింది. ముందు 27,000 అన్నారట. తను కాగితం మీద లెక్క వేసి చూపించాక 54,000కి చెక్కు ఇచ్చారట. "శాలువా మాత్రం కప్పలేదు వదినా" అని ఒకటే నవ్వు.

ఆ రాత్రి నా లెక్క కూడా వేసుకున్నాను. 5,200ని 26తో భాగిస్తే 200. పదిహేను రోజులకి 3,000. అయిదేళ్ళ పది నెలలు ఆరేళ్ళ కింద లెక్క. 18,000 రూపాయలు. పదకొండేళ్ళ కిందట, పురిటి ఖర్చులకి మావారు అప్పు చేసిన రోజుల్లో, ఆ డబ్బు నాకెంతో అక్కరకొచ్చేది.

ఆలస్యంగా అడిగినంత మాత్రాన హక్కు చెల్లదనడానికి వీల్లేదని పాత చట్టం కింది నిబంధనల్లో ఉంది. చట్టం ఇచ్చినదాన్ని ఏ ఒప్పంద కాగితమూ తీసెయ్యలేదు. అందుకే నేనూ మా పాత స్కూలుకి అర్జీ రాసి పోస్టులో పంపాను. జవాబు రావాల్సి ఉంది.

మీలో ఎవరైనా ఉద్యోగం మానేస్తుంటే చేరిన రోజు కాగితం, చివరి జీతం స్లిప్పు, రాజీనామా నకలు దగ్గర పెట్టుకోండి. రావలసింది ఎంతో ముందు మీరే లెక్క వేసుకోండి. సంతకం ఆ తర్వాత.