మన నెల్లూరులో ఆదివారపు ఆరాధన

విద్యార్థికి ఆదివారమంటే సెలవు. రైతుకు ఆ మాట వర్తించదు. గొడ్డుకు మేత ఆదివారం కూడా వెయ్యాల్సిందే, కయ్యకు నీళ్ళు ఆదివారం కూడా పెట్టాల్సిందే. నేను పుట్టి పెరిగింది వరి పండించే ఇంట్లో. అయినా నాట్ల రోజుల్లో సైతం మా ఇంట్లో ఒక లెక్క ఉంది. "ఎల్లుండి ఆదివారం, అరుంధతీవాడ వాళ్ళు మధ్యాహ్నం దాకా రారు. సోమవారం నుంచి పెట్టుకుందాం" అంటారు మా నాయన. పంచాంగంలో లేని ఈ సెలవు మా ఊళ్ళోకి ఎట్లా వచ్చింది? ఆ పూట చర్చిలో జరిగేదేమిటి? ఒకే పట్టణంలో ఒక సంఘానికీ ఇంకో సంఘానికీ అన్ని తేడాలెందుకు? మాది క్రైస్తవ కుటుంబం కాదు. క్లాసులోని మిత్రుల వెంట కొన్ని ఆదివారాలు తిరిగి చూసి, పెద్దల్ని అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నది పాఠకులకు మనవి చేస్తున్నాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో కాపురం పెట్టింది 1840లో. పదేళ్ళు దాటినా సంఘంలో చేరినవాళ్ళు చాలా కొద్దిమందే. ఈ మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ కూడా జరిగింది. పటంలో ఈ వైపున ఉన్న ఒకే ఒక్క చుక్క కాబట్టి దీనికి 'ఒంటరి నక్షత్రం' అని పేరొచ్చింది. 1865లో జాన్ క్లౌ వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరాక కథ మారింది. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది.

క్లౌ దొర దగ్గరికి జనాన్ని నడిపించినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. 1867 జనవరిలో తలకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెండూ ఇంటికి సంబంధించినవి. మూడోది మాత్రం ఊరి పెద్దల చావడిదాకా వెళ్ళింది. ఎందుకంటే ఆ రోజుల్లో మాదిగవాడ మనిషికి తనదంటూ ఒక్క రోజు లేదు. చెప్పులు కుట్టాలి, మోటబొక్కెన బాగుచెయ్యాలి, డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి పోవాలి. అటువంటి మనిషి "ఈ రోజు రాను, రేపు వస్తాను" అన్నాడంటే అది వట్టి మతవిషయం కాదు. బావుల దగ్గరికి రానివ్వకపోవడం మొదలైన బాధలు పెట్టినా ఆ మాట వాళ్ళు వదల్లేదు. బొంబాయి మిల్లు కార్మికులు లోఖండే నాయకత్వాన ఆదివారం సెలవు సంపాదించుకున్నది 1890లో. మన వైపు కూలీలు అంతకు ఇరవై ఏళ్ళకు పైగా ముందే, యూనియన్ అన్న మాట తెలియకుండానే, ఆ పని మొదలుపెట్టారన్నమాట.

1876–78 నాటి పెద్ద కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. అన్నం కోసం చేరారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

అదే కాలంలో జిల్లాకు దక్షిణాన జర్మనీవారి హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1865 నుంచి పని చేసింది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు లూథరన్ సంఘాలు కనిపించడానికి కారణం అదే. తర్వాత 1941లో మద్రాసులో బక్త్ సింగ్ గారు ప్రారంభించిన సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు వచ్చాయి.

చూసేవాడికి ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి. సైన్సు విద్యార్థిని కాబట్టి నేను మూడు ప్రశ్నలతో వర్గీకరించుకున్నాను: నీళ్ళు, బల్ల, కుర్చీ.

నీళ్ళంటే బాప్తిస్మం. ఎవరికి, ఎట్లా? బాప్టిస్టుల దృష్టిలో విశ్వాసం మనిషి తన నోటితో ఒప్పుకోవాల్సినది. కనుక పసిబిడ్డకు ఇవ్వరు. ఊహ తెలిసి అడిగినవారిని పూర్తిగా నీళ్ళలో ముంచి లేపుతారు. అందుకే చర్చిలో తొట్టి కట్టుకుంటారు, లేదంటే చెరువుకో కాలువకో పోతారు. బ్రదరన్, పెంతెకొస్తు వారిదీ ఇదే పద్ధతి. లూథరన్లు బిడ్డకే తలమీద నీళ్ళు పోసి ఇస్తారు. కృప ముందు దేవుడిది, మనిషి ఒప్పుకోలు తర్వాత అని వారి వాదం. ఆ బిడ్డ పెద్దయ్యాక పాఠాలు నేర్చి, సంఘం ముందు నిలబడి తన నోటితో ఒప్పుకుంటాడు.

బల్ల అంటే ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షరసం. బాప్టిస్టు సంఘాల్లో సాధారణంగా నెలకొకసారి, మొదటి ఆదివారం. బక్త్ సింగ్ గారి సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. అక్కడ బెంచీలుండవు. చెప్పులు బయట విడిచి చాపలమీద కూర్చుంటారు. ఆత్మ ప్రేరేపిస్తే ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు. ఆరాధన గంటల తరబడి సాగుతుంది, తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు. లూథరన్ చర్చిలో అచ్చయిన క్రమం ఉంటుంది: పాపపు ఒప్పుకోలు, క్షమాపణ మాట, వేదపఠనాలు, విశ్వాసప్రమాణం. పాదిరిగారు అంగీ వేసుకుంటారు. పీఠం మీది గుడ్డ రంగు కాలాన్నిబట్టి మారుతుంది. బాప్టిస్టు చర్చిలో అంత క్రమం లేదు, ప్రసంగానిదే పెద్దపీట.

కుర్చీ అంటే పెత్తనం. బాప్టిస్టుల్లో ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. కాపరిని పిలుచుకునేదీ, డీకన్లను ఎన్నుకునేదీ సభ్యులే. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఈ సంఘాలను కలిపే సంస్థ, దాని కేంద్ర కార్యాలయం నెల్లూరే. లూథరన్లలో సంఘాలన్నిటికీ పైన ఒక సభ ఉండి పాదిర్లను బదిలీ చేస్తుంది. బ్రదరన్ వారికి సంఘపెద్దలే దిక్కు. ఊరి పనుల్లో నోరెత్తే చోటు లేని కూలీ మనిషి బాప్టిస్టు సంఘకూటంలో చెయ్యెత్తి ఓటు వేశాడు. మన ఊళ్ళలో పంచాయతీ ఓటుకంటే ఇది పాతది. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇన్ని తేడాలున్నా అందర్నీ కలిపేది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పల్లవి, చరణాలు మన సంగీతపు పద్ధతిలోనే నడుస్తాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలు బాప్టిస్టులూ పాడతారు, లూథరన్లూ పాడతారు. నీళ్ళ దగ్గర ఒప్పుకోనివాళ్ళు రాగం దగ్గర ఒకటవుతారు.

ఇక ఖర్చు సంగతి. మిషన్ డబ్బుతోనే చర్చిలు నడుస్తాయని బయట చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో నడిపేది పిడికెడు బియ్యం. ఇల్లాలు పూటపూటా అన్నానికి ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది చర్చికి పోతుంది. కోత పండుగకు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. పది రూపాయల కాయ వందకు పోతుంది. ఇట్లాంటి కానుకల బలంతోనే తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడ కూలికి వెళ్ళిన మనవాళ్ళ మధ్యకు, మిషనరీగా పంపారు.

మన జిల్లాలో చర్చి కాలానికీ పైరు కాలానికీ ముడి ఉంది. మనకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలది. కనుక పెద్ద పంట నాట్లు క్రిస్మస్ ముందర పడతాయి, కోతలు గుడ్‌ఫ్రైడే, ఈస్టరు దగ్గరికి వస్తాయి. అంటే కూలి ఎక్కువ దొరికే రోజులూ, చర్చికి ముఖ్యమైన రోజులూ ఒకటే. ఆ పూట చర్చికి పోవడమంటే నిజంగా అర కూలి పోగొట్టుకోవడం. రైతుకు అది అడ్డం, వాళ్ళకు అది కానుక.

ఇప్పుడు ఈ ఆదివారం సన్నబడుతోంది. కోత మిషనుకు ఆదివారం లేదు. తీరం వెంబడి రొయ్యల గుంటలకు రోజూ మేత వెయ్యాలి. నెల్లూరులో షాపుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసేవారికి సెలవు వంతులవారీగా వస్తుంది. అందుకే కొన్ని సంఘాలు తెల్లవారుజామునే ఒక ఆరాధన పెడుతున్నాయి. ఐదున్నరకు ప్రార్థన, ఏడున్నరకు డ్యూటీ. పోటీ పరీక్షలు కూడా ఎక్కువగా ఆదివారమే పెడుతున్నారు. మన విద్యార్థి మిత్రులు హాల్ టికెట్టు బైబిల్లో పెట్టుకుని ఆ తెల్లవారుజాము ఆరాధనకు పోయి, అటునుంచి అటే పరీక్షకు పోతున్నారు.

వారానికి ఒక రోజు మనిషి ఇంకొకరి పనిలో లేకుండా ఉండాలన్నది ఏ ఒక్క మతం సొత్తూ కాదు. మన వైపు ఆ మాటను బావి నీళ్ళు పోగొట్టుకుని మరీ నిలబెట్టినవాళ్ళు ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళు. ఈ సంగతి మా ఇంట్లో కూడా చెప్పాను. మా నాయన అంతా విని, "అయితే నాట్లు సోమవారమే" అన్నారు.