తలకింత చొప్పున సహాయము

వ్యవసాయదారు ఆపదలో నున్నపుడు ప్రభుత్వ మాదుకొనవలె ననుటకు నేడు అభ్యంతరము చెప్పువారు అరుదు. ఆ ధనమును ఏ కొలతతో, నెవరికి పంచవలె ననునదే చిక్కు. 2020లో కరోనా మహమ్మారి ప్రబలినపుడు అమెరికా సంయుక్త రాష్ట్రములవా రీ చిక్కును విప్పజూచిన తీరు భూవసతిగల మన పాఠకులు గమనింపదగినది.

అయోవా రాష్ట్రపు వాయవ్యమూలను స్యూ అను కౌంటీ గలదు. మన పాత తాలూకాను బోలిన పరగణా యది. జనసంఖ్య సుమారు 36 వేలు. పందుల సంఖ్య అంతకు అనేక రెట్లధికము. 2020 ఏప్రిల్‌లో ఆ ప్రాంతపు బ్రతుకు ఒక్కసారిగా తలక్రిందులయ్యెను. పొరుగున నున్న దక్షిణ డకోటాలో, దినమునకు సుమారు 20,000 పందులను కోయు స్యూఫాల్స్ కబేళా, కార్మికులకు వ్యాధి సోకుటచే మూతపడెను. వర్తింగ్టన్, వాటర్లూ కబేళాలును ఆ నెలలోనే మూతపడెను. ధాన్యమైనచో గాదెలో నిలువ చేయవచ్చును; పంది పెరుగుట మానదు. కొట్టములో చోటు చాలదు, వెనుకటి పిల్లలు వచ్చి నిలుచును. కొనువారు లేక రైతులు తాము పెంచిన జీవములను తామే చంపి పూడ్చవలసివచ్చెను.

వ్యవసాయశాఖవారు ఏప్రిల్ 17న, రైతులకు నేరుగా 1,600 కోట్ల డాలర్ల నిత్తుమని ప్రకటించిరి. మే 26 నుండి దరఖాస్తులు గైకొని జూన్‌లోనే సొమ్ము పంపసాగిరి. కరవు తీరిన పిదప చేరు సాయమును ఎరిగిన మనము ఈ వేగమును మెచ్చకుండ జాలము. కాని వేగమునకై వారు చేపట్టిన కొలత యేది? ఏప్రిల్ 16కును మే 14కును నడుమ నొకనికి సొంతముగా నత్యధికముగా నెన్ని పందులుండెనో, అన్నింటికి తలకు 17 డాలర్లు. వేయి పందులవానికి 17,000. పదివేల పందులవానికి 1,70,000. మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి యుండెను గాని, ముగ్గురు భాగస్వాములు పనిలో పాల్గొను కంపెనీ యైనచో నది 7,50,000 వరకు సాగును. సెప్టెంబరులో ప్రకటించిన రెండవ విడతకు తలకు 23 డాలర్లు. పరిమితి మరల మొదటినుండి. నష్ట మెంత యని విచారించుటకంటె మంద యెంత యని యడుగుట సులభము గదా! వ్యవసాయామాత్యుడు టామ్ విల్సాక్ 2021 మార్చిలో వెల్లడించిన లెక్కనుబట్టి, ఇట్లు పంచిన సుమారు 2,600 కోట్ల డాలర్లలో నల్లజాతి రైతులకు దక్కినది 2 కోట్ల 8 లక్షలు. తరతరములుగా భూమి చేజారినవారికి తలకింత యను లెక్క యిట్లే ఫలించును.

ఇంతకన్న విపరీత మింకొకటి. అయోవాలో అనేకులు ఒడంబడికపై పందులను పెంచువారు. పిల్లలు, మేత కంపెనీవి. కొట్టము, శ్రమ, కొట్టమునకై తెచ్చిన బాంకి ఋణము రైతువి. పందులు సొంతము కానందున, తలకింత యని పంచిన సొమ్ములో నీ రైతునకు కానియైన దక్కలేదు. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలను పట్టాదారున కిచ్చి, దున్నెడి కౌలుదారును విడిచిన విధము ఇట్టిదే. పట్టాదారులైన మన పాఠకుల కీ పోలిక రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు.

అమెరికా శాసనసభ ఈ లోపమును గుర్తించి 2020 డిసెంబరులో ఒడంబడిక రైతులకును సహాయము నిచ్చు చట్టము చేసెను. జనవరిలో ప్రభుత్వము మారగా ఆ పని కొన్ని నెలలు నిలిచెను. ఆగస్టులో తిరిగి సాగినపుడు, 2019తో పోల్చి 2020లో ఎంత యాదాయము తగ్గెనో చూచి, అందులో నూటికి 80 వరకు నిచ్చుట యని నిర్ణయించిరి. ఇది న్యాయమైన కొలత. మొదటనే దీనిని గైకొనుటకు అడ్డమేమో యెవరును చెప్పలేదు. దరఖాస్తుల గడువు 2021 అక్టోబరు 12. కబేళాలు మూతపడిన నాటినుండి అప్పటికి పదునెనిమిది నెలలు. కొట్టముల ఋణమునకు వడ్డీ నెలనెలయు నడచుచునే యుండెను.