నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ నిర్ధారణ

నిమ్మగడ్డి నూనె ధర ముఖ్యంగా అందులోని సిట్రాల్ శాతంపై ఆధారపడుతుంది. ఒకే డబ్బాలోని నూనెకు రెండు ప్రయోగశాలలు వేర్వేరు శాతాలు చూపితే నష్టపోయేది రైతే. ఆ తేడా నూనెలో కాక, కొలిచిన పద్ధతిలోనే ఉండవచ్చును.

పాత పద్ధతిలో 10 మి.లీ. నూనెను, మెడపై గీతలు గల కాసియా ఫ్లాస్కులో సోడియం బైసల్ఫైట్ ద్రావణంతో వేడిచేస్తూ కుదుపుతారు. ఆల్డిహైడ్లు ద్రావణంలో కరిగిపోగా మిగిలిన నూనె మెడలోకి చేరుతుంది. అది 2 మి.లీ. ఉంటే ఆల్డిహైడ్లు 80 శాతం. ఓపికగా కుదపకపోతే చర్య పూర్తికాక శాతం తగ్గుతుంది.

ఇంతకంటె నమ్మదగినది హైడ్రాక్సిలమిన్ హైడ్రోక్లోరైడ్ పద్ధతి. సిట్రాల్ ఆక్సైమ్‌గా మారుతూ, అణువుకొకటి చొప్పున హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువులను విడుదల చేస్తుంది. ఈ ఆమ్లాన్ని బ్రోమోఫినాల్ బ్లూ సూచికతో, ఆల్కహాల్‌లో కరిగించిన 0.5 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తారు. సిట్రాల్ అణుభారం 152.2 గనుక 1 మి.లీ. క్షారం 0.0761 గ్రాముల సిట్రాల్‌కు సమానం. 1 గ్రాము నూనెకు 10.5 మి.లీ. ఖర్చయితే సిట్రాల్ సుమారు 80 శాతం. నూనెను తప్పనిసరిగా తూచాలి. పిపెట్‌తో 1 మి.లీ. తీసి దానినే గ్రాముగా లెక్కిస్తే, సాంద్రత సుమారు 0.89 అయినందున, 80 శాతం నూనె 71 శాతంగా తేలుతుంది. విద్యార్థులకు చిన్నదిగా తోచే ఈ పొరపాటు బేరంలో చిన్నది కాదు.

ఈ రెండు పద్ధతులూ సిట్రొనెల్లాల్ వంటి ఇతర ఆల్డిహైడ్లను సైతం సిట్రాల్ ఖాతాలోనే జమకడతాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీ మాత్రం సిట్రాల్‌లోని జెరానియల్, నెరాల్ అనే రెండు సాదృశ్యాలను, సిట్రొనెల్లాల్‌ను విడివిడి శిఖరాలుగా చూపుతుంది. కనుక అంశమాపనం కంటె క్రొమటోగ్రఫీలో సిట్రాల్ కొంత తగ్గి కనిపించినంత మాత్రాన నూనె కల్తీ అయిందనడం సరికాదు.