పిల్లులలో మధుమేహము: తగ్గిన వ్యాధి తిరుగబెట్టినపుడు

మధుమేహము మానవులకు మాత్రమే వచ్చు వ్యాధి యని చాలమంది తలచెదరు. కాని కుక్కలకు, పిల్లులకు కూడ ఈ వ్యాధి వచ్చును. బ్రిటను దేశములో జరిగిన పరిశీలనలను బట్టి పెంపుడు పిల్లులలో సుమారు రెండువందలకు ఒకటి మధుమేహముతో బాధపడుచున్నది.

పిల్లులకు వచ్చు మధుమేహములో ఒక విశేషము కలదు. సకాలమున సరియైన చికిత్స జరిగినచో, కొన్ని వారములో కొన్ని నెలలో ఇన్సులిన్ ఇచ్చిన తరువాత, అనేకమైన పిల్లులకు ఆ మందు అవసరమే లేకుండ పోవును. ఇన్సులిన్ లేకుండ కనీసము నాలుగు వారములు రక్తములోని చక్కెర సాధారణ స్థితిలో నిలిచినచో దానిని ఉపశమనము అందురు. ఇంటివారు వ్యాధి పోయినదని సంతోషింతురు. సిరంజిలు మూలబడును. కాని ఇట్లు ఉపశమనము పొందిన పిల్లులలో సుమారు నాలుగింట ఒకదానికి వ్యాధి మరల తిరుగబెట్టును. అట్లు ఎందుకు జరుగును? దానిని ముందుగా కనిపెట్టుట ఎట్లు? అప్పుడు చేయవలసిన దేమి?

క్లోమము, ఇన్సులిన్

జీర్ణాశయమునకు దగ్గరగా క్లోమము అను గ్రంథి ఉన్నది. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చినది. క్లోమములోని లాంగర్‌హాన్స్ పుటికలలో బీటా కణములు కలవు. అవి ఇన్సులిన్ అను హార్మోనును తయారుచేయును. 1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కలపై ప్రయోగములు చేసి ఇన్సులిన్‌ను వేరుచేయగలిగిరి. మరుసటి సంవత్సరమే అది మానవులకు మందైనది. మనుష్యుల ఇన్సులిన్‌కు, పిల్లి ఇన్సులిన్‌కు నాలుగు ఎమైనో ఆమ్లములలో మాత్రమే భేదము. అందుచేతనే మనుష్యులకొరకు చేసిన ఇన్సులిన్ పిల్లికి కూడ పనిచేయును.

రక్తములోని గ్లూకోజు కణములలోనికి ప్రవేశించుటకు ఇన్సులిన్ తలుపు తీసినట్లు తోడ్పడును. ఇన్సులిన్ చాలనపుడు, లేక ఉన్న ఇన్సులిన్ మాటను కణములు విననపుడు, గ్లూకోజు రక్తములోనే నిలిచిపోవును. పిల్లులలో సాధారణముగ ఈ రెండును కలిసియే ఉండును. బరువు పెరిగిన పిల్లులకు, వయస్సు మీరిన వానికి, కదలక ఇంటిలోనే పడియుండు వానికి ఈ వ్యాధి ఎక్కువగ వచ్చును.

ఉపశమనము వేరు, నయమగుట వేరు

రక్తములో చక్కెర చాలకాలము హెచ్చుగ ఉన్నచో ఆ చక్కెరయే బీటా కణములకు విషమగును. అవి అలసి, ఇన్సులిన్ తయారుచేయుట మానును. కొంతకాలమునకు చచ్చిపోవును. బయటినుండి ఇన్సులిన్ ఇచ్చి చక్కెరను తగ్గించినచో, ఇంకను చావక మిగిలిన కణములు విశ్రాంతి పొంది తిరిగి పనికి పూనుకొనును. ఇదియే ఉపశమన రహస్యము. 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, వ్యాధి బయటపడిన ఆరు నెలలలోపల గట్టి చికిత్స ప్రారంభించిన పిల్లులలో నూటికి 84 ఉపశమనము పొందినవి. ఆరు నెలలు దాటిన తరువాత ప్రారంభించిన వానిలో నూటికి 35 మాత్రమే పొందినవి. ఆలస్యమువలన కలుగు నష్టము ఈ రెండు అంకెలలో స్పష్టముగ కనిపించుచున్నది.

అయితే చచ్చిన కణములు తిరిగి రావు. ఇన్సులిన్‌తో పాటు బీటా కణములనుండి వెలువడు అమైలిన్ అను పదార్థము పుటికలలో గట్టిపడి పేరుకొనును. అదియు తొలగిపోదు. పదిమంది పనివాండ్రు చేయవలసిన పనిని నలుగురు చేయుచున్న వ్యవసాయము వంటిది ఉపశమనము పొందిన పిల్లి క్లోమము. పని తక్కువగ ఉన్నంతకాలము నెట్టుకొనివచ్చును. పని కొంచెము పెరిగినచో కూలబడును. ఉపశమనములో నున్న పిల్లులకు గ్లూకోజు ఇచ్చి పరీక్షింపగా, వానిలో అనేకము ఆ చక్కెరను ఆరోగ్యవంతమైన పిల్లులంత త్వరగా వినియోగించుకొనలేకున్నవి.

తిరుగబెట్టుటకు కారణములు

మొదటిది బరువు పెరుగుట. క్రొవ్వు పెరిగినకొలది కణములు ఇన్సులిన్‌ను లెక్కచేయవు. రెండవది ఆహారములో పిండిపదార్థములు చేరుట. మూడవది మందులు. దురదకు, ఉబ్బసమునకు ఇచ్చు ప్రెడ్నిసొలోను వంటి స్టెరాయిడులు ఇన్సులిన్‌కు విరోధులు. ఒక్క ఇంజెక్షనుతో వారములకొలది పనిచేయు స్టెరాయిడు మరింత ప్రమాదకరము. అందుచేత పిల్లికి పూర్వము మధుమేహము ఉండెడిదని ప్రతి పశువైద్యునకు చెప్పవలెను. నాలుగవది ఇతర వ్యాధులు: పండ్ల చిగుళ్ళు చెడుట, మూత్రాశయములో సూక్ష్మజీవులు చేరుట, క్లోమము వాచుట, థైరాయిడ్ గ్రంథి అతిగ పనిచేయుట మొదలైనవి. కొన్ని పిల్లులలో మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి పెరుగుదల హార్మోనును మితిమీరి విడుదల చేయును. ఎంత ఇన్సులిన్ ఇచ్చినను చక్కెర లొంగనిచో దీనిని అనుమానింపవలెను.

కనిపెట్టుట ఎట్లు?

దాహము హెచ్చుట, మూత్రము అధికమగుట, ఎంత తినినను చిక్కిపోవుట, ఈ మూడును ముఖ్యమైన గుర్తులు. వ్యాధి ముదిరినచో నరములు దెబ్బతిని, వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆన్చి నడచును. మూత్రమునకు చీమలు పట్టుటను మధుమేహమునకు గుర్తుగ ప్రాచీన భారతీయ వైద్యులే చెప్పిరి. పిల్లి మూత్రము పోసిన ఇసుకకు చీమలు పట్టినచో నేటికిని అది మంచి హెచ్చరికయే.

కాని ఈ గుర్తులు కనబడువరకు ఆగినచో ఆలస్యమగును. మానవుని రక్తములో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినచో మూత్రములోనికి దిగును. పిల్లిలో ఈ హద్దు సుమారు 270. కనుక మూత్రములో చక్కెర కనబడునప్పటికే రక్తములో అది చాల పెరిగియుండును. ఉపశమనములో నున్న పిల్లికి వారమునకొకసారి మూత్రపరీక్ష చేయుచు, అప్పుడప్పుడు చెవి అంచున సూదితో చిన్న రక్తపు బొట్టు తీసి గ్లూకోమీటరుతో చూచుట మేలు. మనుష్యుల గ్లూకోమీటరు పిల్లి రక్తములో నిజమునకంటె కొంత తక్కువ అంకె చూపును. మరియొక చిక్కు కలదు. భయపడిన పిల్లి రక్తములో చక్కెర దానంతట అదియే పెరుగును. వైద్యశాలలో బల్లపై చూచిన ఒక్క అంకెను బట్టి వ్యాధి తిరుగబెట్టినదని నిర్ణయింపరాదు. ఫ్రక్టోసమిన్ అను పరీక్ష గత ఒకటి రెండు వారముల సగటు చక్కెరను తెలుపును. దానికి క్షణికమైన భయముతో సంబంధము లేదు.

పరికరములు లేని ఇంట కూడ చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ఉదయము గిన్నెలో కొలిచి నీరు పోసి, మరునాటి ఉదయము మిగిలిన నీటిని కొలువవలెను. అదే కొలత గల మరియొక గిన్నెను పిల్లికి అందని చోట ఉంచి, ఎండకు ఆవిరియైన నీటిని తెలిసికొని, మొదటి లెక్కలోనుండి తీసివేయవలెను. నాలుగు కిలోల పిల్లి రోజునకు 200 మిల్లీలీటర్లకు మించి త్రాగుచున్నచో అనుమానింపవలెను. 400 దాటినచో సందేహమే లేదు. విద్యార్థులు ఈ అంకెలతో గ్రాఫు గీచినచో, కంటికి కనబడని మార్పు కాగితముపై కనబడును.

మరల ఇన్సులిన్

వ్యాధి తిరుగబెట్టినదని తేలిన వెంటనే పశువైద్యుని సలహాపై ఇన్సులిన్ తిరిగి ప్రారంభింపవలెను. తానే తగ్గునని వేచియున్న ప్రతి వారమును మిగిలిన బీటా కణములను కొన్నింటిని బలిగొనును. దానితోపాటు, తిరుగబెట్టుటకు కారణమైన వ్యాధిని గాని, మందును గాని వెదకి తొలగింపవలెను. కొన్ని పిల్లులు రెండవసారి కూడ ఉపశమనము పొందును. కాని మొదటిసారికంటె అవకాశము తక్కువ. అనేకమైనవానికి జీవితాంతము ఇన్సులిన్ కావలసివచ్చును. అట్లైనను, క్రమముగ ఇచ్చినచో పిల్లి సుఖముగ బ్రదుకును.

గ్లార్జిన్ అను ఇన్సులిన్ పిల్లులకు ఎక్కువగ వాడబడుచున్నది. సీసాలో అది ఆమ్లద్రావణము. చర్మము క్రిందికి చేరగనే ఆమ్లగుణము పోయి సన్నని రేణువులుగ మారును. ఆ రేణువులు మెల్లమెల్లగ కరగుచు గంటలకొలది పనిచేయును. ఈ కారణముచేత దీనిలో మరియొక ద్రవమును కలుపరాదు. నాలుగైదు కిలోల పిల్లికి సాధారణముగ పూటకు ఒకటి లేక రెండు యూనిట్లతో, పండ్రెండు గంటల కొకసారి ప్రారంభింతురు. మోతాదు నిర్ణయించుట వైద్యుని పని.

ఇటీవల పిల్లుల మధుమేహమునకు మాత్రలు కూడ వచ్చినవి. అమెరికాలో 2022 డిసెంబరులో అనుమతి పొందిన బెక్సగ్లిఫ్లోజిన్ అట్టిది. అది చక్కెరను మూత్రము ద్వారా వెడలించును. కాని పూర్వము ఇన్సులిన్ వాడిన పిల్లులకు దానిని ఇవ్వరాదని నిబంధన. ఇన్సులిన్‌తో ఉపశమనము పొంది, వ్యాధి తిరుగబెట్టిన పిల్లి ఈ కోవలోనిదే.

సిరంజిలో లెక్క

మన దేశములో ఇన్సులిన్ సాధారణముగ రెండు గాఢతలలో దొరకును. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండవదానిలో 100 యూనిట్లు ఉండును. గ్లార్జిన్ రెండవ రకము. సిరంజిలు కూడ రెండు రకములు. 40 సిరంజిపై ఒక యూనిటు గీత 0.025 మిల్లీలీటరు. 100 సిరంజిపై అదే గీత 0.01 మిల్లీలీటరు. 100 గాఢత గల మందును 40 సిరంజితో ఒక గీత తీసినచో, పిల్లికి ఒక యూనిటుకు బదులు రెండున్నర యూనిట్లు పోవును. ఇది ప్రాణాపాయము. తారుమారైనచో 0.4 యూనిటు మాత్రమే పోయి వ్యాధి లొంగదు. మొదటిసారి చికిత్సలో మిగిలిన పాత సిరంజిని, ఇప్పుడు క్రొత్తగ కొన్న ఇన్సులిన్‌కు వాడునపుడు ఈ పొరపాటు జరుగుటకు వీలు ఎక్కువ. సీసాపై అంకెను, సిరంజిపై అంకెను ప్రతిసారి సరిచూడవలెను. పాత సీసాను పారవేయవలెను.

చక్కెర అతిగ పడిపోయినచో పిల్లి నీరసించును, తూలును, మూర్ఛపోవును. వెంటనే తేనెనో, చిక్కని చక్కెర పాకమునో వ్రేలితో చిగుళ్ళకు రాచి వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. పిల్లి తిండి ముట్టనినాడు వైద్యుని అడుగక పూర్తి మోతాదు ఇవ్వరాదు. ఒక పూట ఇన్సులిన్ తప్పినచో మరుపూట రెట్టింపు ఇవ్వరాదు.

అరసవల్లి పిల్లి ఏమి తినును?

శ్రీకాకుళమును ఆనుకొని, సూర్యనారాయణస్వామి ఆలయముతో ప్రసిద్ధికెక్కిన అరసవల్లి వంటి ఊళ్ళలో పెంపుడు పిల్లికి పాలన్నము, పెరుగన్నము, చేపల పులుసు కలిపిన అన్నము పెట్టుట అలవాటు. రథసప్తమినాడు ఇంటింట పాలు పొంగించి పరమాన్నము వండుదురు. అందులో పిల్లికిని ఒక ముద్ద పడును. ఆరోగ్యముగల పిల్లి దీనిని తట్టుకొనవచ్చును. ఉపశమనములో నున్న పిల్లికి ఇట్టి తిండి దినదినము పెట్టుట మిగిలిన నలుగురు పనివాండ్రపై పదిమంది బరువు మోపుటయే.

పిల్లి స్వభావముచేత మాంసాహారి. గ్లూకోజును త్వరగ పట్టుకొను గ్లూకోకైనేజు అను ఎంజైము దాని కాలేయములో మిక్కిలి తక్కువ. అది మాంసకృత్తులనుండియే తనకు కావలసిన చక్కెరను తయారుచేసికొనును. అందుచేత అన్నము తగ్గించి, ఉల్లి, వెల్లుల్లి, కారము లేకుండ ఉడికించిన చేప, కోడిమాంసము, గ్రుడ్డు పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎఱ్ఱ రక్తకణములను నాశనము చేయును గనుక పులుసు పనికిరాదు. ఉడికించిన చేప ఒక్కటియే సంపూర్ణాహారము కాదు. టారిన్ మొదలైనవి చాలకపోవచ్చును గనుక వైద్యుని సలహాతో లోటు పూరింపవలెను.

ఇన్సులిన్ పుచ్చుకొనుచున్న పిల్లికి ఒక్కసారిగ అన్నము మాన్పించినచో, పాత మోతాదే అతిమోతాదగును. మార్పు మెల్లగ, రక్తపరీక్షతో జరుగవలెను. లావుగ నున్న పిల్లిని పస్తుంచరాదు. రెండు మూడు దినములు తినని పిల్లి కాలేయములో క్రొవ్వు పేరుకొని ప్రాణము మీదికి వచ్చును. వారమునకు బరువులో నూటికి ఒక వంతు తగ్గిన చాలును.

తుపాను దినములలో

ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య భద్రపరచవలెను. గడ్డకట్టినచో చెడిపోవును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు శ్రీకాకుళము జిల్లాలో అనేక గ్రామములకు దినములకొలది విద్యుత్తు లేదు. అట్టి సమయమున రెండు మట్టికుండలను ఒకదానిలో ఒకటి ఉంచి, నడుమ తడి ఇసుక పోసి, లోపలి కుండలో సీసాను తడి తగులకుండ నీడన ఉంచవచ్చును. కుండ సన్నని రంధ్రములనుండి నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును. గాలిలో తేమ హెచ్చుగ ఉన్న దినములలో ఈ చల్లదనము తగ్గును గనుక, విద్యుత్తు వచ్చిన పిమ్మట అనుమానమున్న సీసాను మార్చుట మంచిది.

ఇంతటి శ్రద్ధ ఒక పిల్లికొరకా యని కొందరు అడుగవచ్చును. పిల్లి మధుమేహము అనేక విషయములలో పెద్దవయస్సులో మనుష్యులకు వచ్చు మధుమేహమును పోలియున్నది. అదే అలసిన బీటా కణము, అదే అమైలిన్, అదే స్థూలకాయము. తూకము, నీటి కొలత, మూత్రపరీక్ష, ఈ మూడింటిని వ్రాసియుంచు చిన్న పుస్తకము ఇంట నున్నచో, వ్యాధి తిరుగబెట్టినను అది మొదటి వారములలోనే పట్టుబడును. విజయనగరము జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కలదు. ఊరనున్న పశువైద్యునకు గాని, అచ్చటి నిపుణులకు గాని ఆ పుస్తకము చూపినచో వారి పని సగము తేలికయగును. ఉపశమనము లభించిననాడు మూలబెట్టవలసినది సిరంజి మాత్రమే. తూనికను, పుస్తకమును పిల్లి బ్రదికియున్నంతకాలము వాడుచునే యుండవలెను.