బాల్యంలో హింస, నిర్లక్ష్యం - కౌమార వ్యక్తిత్వం

పిల్లలను కొట్టడం, నిత్యం తిట్టి అవమానించడం, లైంగికంగా వేధించడం, తిండి, చదువు, ఆలనాపాలనా లేకుండా వదిలివేయడం - వీటన్నిటినీ కలిపి '''బాల్యంలో హింస, నిర్లక్ష్యం''' అని వ్యవహరిస్తారు. వీటి ప్రభావం ఒంటిమీది గాయం మానడంతో తీరిపోదు. కౌమారంలో, అనగా సుమారు 10 నుండి 19 సంవత్సరాల వయసులో, అది స్వభావంగా బయటపడవచ్చు. మొండితనం, ముభావం అని పెద్దలు పేరు పెట్టే నడవడి కొన్నిసార్లు పుట్టుకతో వచ్చినది కాదు; భయం నుండి తనను తాను కాపాడుకొనుటకు పిల్లవాడు నేర్చుకున్నది.

== వ్యక్తిత్వంపై ప్రభావం ==
బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించిన అనుబంధ సిద్ధాంతం ప్రకారం, తనను పెంచేవారి ఆదరణను బట్టి శిశువు ఇతరులను ఎంతవరకు నమ్మవచ్చునో నేర్చుకుంటుంది. ఎరిక్ ఎరిక్సన్ కౌమారాన్ని "నేను ఎవరు?" అన్న ప్రశ్నకు సమాధానం వెదకే దశగా వర్ణించాడు. దెబ్బలు తింటూ పెరిగినవారు మామూలు చూపులో కూడా బెదిరింపును చూసి తిరగబడవచ్చు. నిర్లక్ష్యానికి గురైనవారు అవసరం పడినా సహాయం అడగకపోవచ్చు. తనను తాను నిందించుకోవడం, ఆందోళన, కోపాన్ని అదుపు చేసుకోలేకపోవడం ఇతర లక్షణాలు. అమెరికాలో 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, హింస లేదా నిర్లక్ష్యం అధికారికంగా నమోదైన పిల్లలకు యౌవనారంభంలో వ్యక్తిత్వ రుగ్మతలు ఉండే అవకాశం ఇతరులకంటే 4 రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది.

== భారతదేశంలో ==
కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో జరిగింది. ఇందులో ప్రతి ముగ్గురు పిల్లలలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు వెల్లడైంది.

== కనిగిరి ప్రాంతం ==
కనిగిరి పరిసరాలు వర్షాధారమైన మెట్ట భూములు. కరువు, ఫ్లోరైడ్ నీటి సమస్య ఇక్కడ చిరకాలంగా ఉన్నాయి. ఇటువంటి మెట్ట ప్రాంతాలనుండి కూలీలు మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్తారు. వారి పిల్లలు వెంట వెళ్తే బడి మానవలసి వస్తుంది. ఊళ్ళో ఉంటే ముసలి అవ్వాతాతల సంరక్షణలో నెలల తరబడి గడపవలసి వస్తుంది. వలస దానంతట అదే హింస కాదు, తల్లిదండ్రుల దోషమూ కాదు. దానికి కారణం కరువు, అప్పు. కాని ఆ కాలంలో పిల్లల మంచిచెడ్డలు అడిగేవారు లేనప్పుడు నిర్లక్ష్యానికి, వేధింపులకు అవకాశం పెరుగుతుంది. ఇందుకే సర్వశిక్షా అభియాన్ కింద వలస కుటుంబాల పిల్లలకు ఋతు ఆధారిత వసతి గృహాలు నడిపారు.

== నివారణ, సహాయం ==
ఈ ఫలితాలు అనివార్యమైనవి కావు. అవ్వ గాని, ఉపాధ్యాయుడు గాని, విడువక ఆదరించే ఒక్క పెద్దమనిషి తోడున్నా పిల్లలు చాలావరకు కోలుకోగలరు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో దండనను నిషేధించింది. లైంగిక నేరాలనుండి బాలలను రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లలు, వారిని గమనించినవారు 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.